న్యూట్రల్లో గుర్రుమంటోంది, క్లచ్ తొక్కితే ఆగిపోతోంది. గేర్‌బాక్స్ మార్చాల్సిందేనా?

సునాబెడ_కొండదారి

అందరికీ నమస్కారం. నాది ఒడిశా, కొరాపుట్ జిల్లా సునాబెడ. కారు 2016 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 5 గేర్ల మాన్యువల్, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. ఏ కంపెనీదో చెప్పను, చెబితే కంపెనీల గొడవ మొదలై అసలు సంగతి పక్కకి పోతుంది. అత్తారిల్లు విజయనగరం. నెలకి ఒకసారో రెండుసార్లో సుంకి ఘాట్ దిగి సాలూరు, రామభద్రపురం మీదుగా వెళ్లి రావడం, మిగతా రోజుల్లో సెమిలిగుడ బజారు, కొరాపుట్, అంతే.

నెల క్రితం తిరిగొస్తూ సాలూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే గేర్ రాడ్ కింద నుంచి మూలుగు లాంటిది వినిపించింది, ఎక్కడో దూరంగా పిండిమర తిరుగుతున్నట్టు. ముందు విన్నది మా ఆవిడే, నేను పాటలు పెట్టుకుని ఉన్నాను. లారీ వెనక వెళ్తున్నాం కదా దాని చప్పుడేలే అన్నాను. లారీని దాటేశాక కూడా అలాగే ఉంది.

ఇప్పుడు ఇంటి ముందు స్టార్ట్ చేసి న్యూట్రల్లో ఉంచినా గుర్ర్ అంటోంది. క్లచ్ తొక్కితే ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతుంది, వదిలితే మళ్లీ మొదలు. దానికి తోడు మలుపుల దగ్గర మూడు నుంచి రెండుకి దించుతుంటే కర్ర్ మని కొరుకుతోంది, అన్నిసార్లూ కాదు, నాలుగుసార్లలో ఒకసారి.

ముగ్గురికి చూపించాను. పెద్ద వర్క్‌షాప్‌లో బానెట్ కూడా ఎత్తకుండా గేర్‌బాక్స్ మొత్తం మార్చాలి, 52 వేలు అన్నారు. మా వీధి మేస్త్రి రిలీజ్ బేరింగ్ పోయింది, ఆరు వేలలో అయిపోతుంది అన్నాడు. సెమిలిగుడలో ఇంకొకాయన రెండు నిమిషాలు విని "గేర్‌బాక్స్ ఖొలిబాకు హెబొ" (గేర్‌బాక్స్ విప్పాలి) అని తన పనిలో పడిపోయాడు, ఎందుకు అంటే జవాబు లేదు. మిగ్, సుఖోయ్ విమానాల ఇంజన్లు తయారయ్యే ఊళ్లో ఉంటూ నా కారు గేర్‌బాక్స్ ఎందుకు గుర్రుమంటోందో చెప్పేవాడు దొరకట్లేదు చూడండి.

వచ్చే శనివారం విజయనగరంలో మరదలి నిశ్చితార్థం. కారులోనే వెళ్లొచ్చా? ముగ్గురిలో ఎవరి మాట నమ్మాలి?

పర్లాకిమిడి_పాతబండి

అన్నా, గేర్‌బాక్స్ దించనివ్వకండి, నా గతి మీకు పట్టకూడదు. రెండేళ్ల క్రితం నా బండికీ ఇదే మూలుగు. గేర్‌బాక్స్ అన్నారు, దించారు, ఏవో మార్చారు, 17 వేలు కట్టి బరంపురం బయల్దేరితే ఊరు దాటకముందే మళ్లీ అదే మూలుగు. ఆఖరికి చూస్తే ముందు కుడి చక్రం బేరింగ్! అది మార్చడానికి పట్టింది గంటన్నర.

ఖాళీ రోడ్డు మీద 50, 60 స్పీడులో స్టీరింగ్ కొంచెం ఎడమకి, కొంచెం కుడికి ఊపి చూడండి. ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు మూలుగు పెరిగిందంటే మామూలుగా కుడి బేరింగే. ముందు ఇది చూసుకోండి, డబ్బులు మిగులుతాయి.

జయపురం_గ్యారేజ్

పాతబండి గారు చెప్పిన పరీక్ష మంచిదే కానీ ఈ కారుకి అది కాదు. ఆయన రాసింది మళ్లీ చదవండి, బండి కదలకుండా ఇంటి ముందు నిలబడి ఉన్నా చప్పుడు వస్తోంది. చక్రం తిరగకుండా చక్రం బేరింగ్ ఎలా మూలుగుతుంది?

మాస్టారూ, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. బండి ఆగి, న్యూట్రల్లో ఉండి, క్లచ్ వదిలి ఉంటే గేర్‌బాక్స్‌లో తిరిగేది ఇన్‌పుట్ షాఫ్టూ (ఇంజన్ తిప్పుడుని లోపలికి తెచ్చేది), దాంతో కలిసి ఉత్తినే తిరిగే గేర్లూ మాత్రమే. చక్రాల వైపు ఉండే షాఫ్ట్ తిరగదు, తిప్పుడుని రెండు చక్రాలకీ పంచే డిఫరెన్షియల్ తిరగదు. క్లచ్ తొక్కితే ఇంజన్‌కీ ఇన్‌పుట్ షాఫ్ట్‌కీ సంబంధం తెగిపోతుంది, షాఫ్ట్ నెమ్మదిగా ఆగుతుంది. మీరన్న ఆ "ఒకటి రెండు సెకన్లు" అదే. కాబట్టి నా అనుమానం ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద.

రిలీజ్ బేరింగ్ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. క్లచ్ తొక్కినప్పుడే దాని మీద బరువు పడుతుంది కాబట్టి అది పోతే తొక్కితే కుయ్యిమంటుంది, వదిలితే ఊరుకుంటుంది. మీ వీధి మేస్త్రి చెప్పింది సరిగ్గా ఉల్టా. చెడ్డవాడని కాదు, పనిలో ఉండి సగమే విని ఉంటాడు. పెడల్ మీద కాలు పెట్టి ఆయన ముందే చేసి చూపించండి, ఆయనే ఒప్పుకుంటాడు.

ఒక మాట. క్లచ్ తొక్కితే ఆగే ప్రతి చప్పుడూ బేరింగ్ కాదు. డీజిల్ బండ్లలో ఐడిల్లో గేర్ల పళ్లు ఒకదానికొకటి తగిలి గలగల, దడదడ మంటాయి, ఆయిల్ వేడెక్కి పల్చబడితే ఇంకాస్త ఎక్కువ. గేర్లు ఖాళీగా తిరిగే చప్పుడు అది, దానికి ఎవరూ బండి విప్పరు. మీది గలగలా, గుర్రా? ఇంజన్ ఆర్‌పీఎం పెంచితే శ్రుతి కూడా పెరుగుతూ సన్నటి కూత అవుతోందా? అవుతుంటే బేరింగే.

రెండో గేరు కొరకడం వేరే జబ్బు, సింక్రో రింగు, అంటే గేరు పడేముందు రెండు వైపులా వేగం కలిపే ఇత్తడి రింగు, అరిగి ఉండొచ్చు. ఘాట్ బండ్లకి ముందు పోయేది రెండో గేరు సింక్రోనే, ప్రతి హెయిర్‌పిన్‌కీ దానికే పని. మా నాన్న కాలంలో లారీలకి సింక్రోలు ఎక్కడివి, న్యూట్రల్‌కి తెచ్చి క్లచ్ వదిలి ఒక్క రేజు ఇచ్చి మళ్లీ తొక్కి వేసేవాళ్లు, డబుల్ క్లచ్ అని. రిపేరు అయ్యేదాకా మీరూ అలాగే వేయండి, కొరకదు.

అయితే రెండు జబ్బులూ ఒకే నెలలో ఎందుకొచ్చాయి అనేది నాకు పట్టుకుంది. బేరింగ్‌కీ సింక్రోకీ ఉమ్మడిగా ఉండేది ఆయిల్. గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారు? బాక్స్ కింద ఎక్కడైనా జిడ్డు ఉందా? ఈ మధ్య ఆ వైపు ఏమైనా పని చేయించారా? ఇవి చెప్పండి.

శనివారం సంగతి: ఆ బండిలో వెళ్లకండి. బేరింగ్ పూర్తిగా పోతే షాఫ్ట్ పక్కకి జరుగుతుంది, గేర్ల పళ్లు సరిగ్గా కలవవు, అక్కణ్ణుంచి నిజంగానే 52 వేల పని అవుతుంది. దిగేటప్పుడు ఘాట్‌లో బాక్స్ పట్టేసిందంటే ఆ మాట ఇక్కడ రాయడం నాకే ఇష్టం లేదు. బస్సెక్కండి.

సునాబెడ_కొండదారి

గురువుగారూ, ఇంత వివరంగా ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. గుర్రే, గలగల కాదు. రేజ్ చేస్తే మీరన్నట్టే సన్నగా కూత పెడుతోంది. గేర్ ఆయిల్ నేను కొన్నాక ఎప్పుడూ మార్చలేదు, ఇంజన్ ఆయిల్ మార్చినప్పుడు అదీ మారిపోతుంది అనుకున్నాను (నవ్వకండి).

పని అంటే... ఎనిమిది నెలల క్రితం ఎడమ పక్క డ్రైవ్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి చక్రానికి పోయేది) రబ్బరు బూటు చిరిగి గ్రీజు అంతా చక్రం లోపల చిమ్మింది. దారిలో ఒక చిన్న షెడ్‌లో మార్పించాను, గంటలో చేసిచ్చాడు. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

జయపురం_గ్యారేజ్

ఉంటుంది, చాలా ఉంటుంది! బూటు మార్చడానికి షాఫ్ట్‌ని గేర్‌బాక్స్ నుంచి లాగారనుకోండి, చాలా బండ్లలో ఆ రంధ్రంలోంచి గేర్ ఆయిల్ బయటికొచ్చేస్తుంది. ఎంత పోయిందో అంత మళ్లీ పోయాలి. పోశాడా? తిరిగి దూర్చేటప్పుడు షాఫ్ట్ మీది గాళ్లు ఆయిల్ సీల్ పెదవిని గీరితే అక్కణ్ణుంచి చుక్క చుక్కగా కారుతూనే ఉంటుంది, నేల మీద మరక కూడా పెద్దగా కనపడదు, నడుస్తున్నప్పుడు గాలికి బాక్సుకే అంటుకుని దుమ్ము పట్టేస్తుంది.

బండిని పిట్ ఎక్కించి ఇలా చేయండి. ముందు ఫిల్లింగ్ ప్లగ్గు, అంటే పక్కన పైన ఉండేది, అది వదులవుతుందో లేదో చూసుకోండి. అది ఊడకుండా కింద డ్రెయిన్ ప్లగ్గు విప్పేసి ఆయిల్ అంతా పారబోసుకుని, మళ్లీ పోయడానికి దారి లేక బండిని తోసుకెళ్లినవాళ్లని చూశాను. చదునుగా నిలబెట్టి పైది విప్పితే ఆయిల్ ఆ రంధ్రం అంచుదాకా ఉండాలి. వేలు పెడితే తడి తగలాలి. తగలకపోతే తక్కువ ఉన్నట్టే.

తర్వాత కింది ప్లగ్గు. చాలా బండ్లలో దాని కొనకి అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంటే కంగారు లేదు, లక్ష కిలోమీటర్ల బండికి అంత మామూలే. గోటికి గరుకుగా తగిలే ముక్కలుంటే బేరింగో పళ్లో పోయినట్టు. దిగిన ఆయిల్‌ని పళ్లెంలో ఎండలో పెట్టి చూడండి, పసుపు మెరుపు ఉంటే ఇత్తడి, సింక్రో రింగులది. ఇత్తడిని అయస్కాంతం పట్టదు కదా, అందుకే ఆయిల్‌లోనే వెతకాలి. ఎంత ఆయిల్ దిగిందో కొలవడం మర్చిపోకండి.

బరంపురం_ఏఎంటీ

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది ఏఎంటీ. తప్తపాణి ఘాట్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగి మళ్లీ కదిలేటప్పుడు బండి వణుకుతోంది, కాలిన వాసన కూడా. ఆటోమేటిక్‌కి క్లచ్ ఉండదు కదా, మరి ఆ వాసన దేనిది?

జయపురం_గ్యారేజ్

ఉంటుంది బాబూ. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే, తొక్కే పని మీ కాలి బదులు ఒక యాక్చుయేటర్ చేస్తుంది, అంతే. మీరు ఎత్తు మీద బ్రేక్ వేయకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడుతున్నారని నా అనుమానం. అలా చేస్తే క్లచ్ సగం పట్టి సగం జారుతూ కాలుతుంది. ఆగినప్పుడు బ్రేక్ మీదే ఆగండి, కదిలేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంచి బండి లాగడం మొదలవగానే వదిలేయండి, ఘాట్‌లో మాన్యువల్ మోడ్ పెట్టుకోండి. వణుకు అప్పటికీ పోకపోతే ప్లేటు చూపించండి. మిగతాది వేరే థ్రెడ్‌లో అడగండి, ఇక్కడ ఈయన నిశ్చితార్థం టెన్షన్‌లో ఉన్నారు.

సునాబెడ_కొండదారి

మూడు రోజులైంది, ఇప్పుడు రాస్తున్నాను. సెమిలిగుడలో ఆ మాట తక్కువ మేస్త్రి దగ్గరికే వెళ్లాను. మీరు రాసిందంతా చదివి వినిపిస్తే ఆయన మొదటిసారి నవ్వాడు.

పైది విప్పితే వేలికి తడి కాదు కదా గాలి తగిలింది. కింది ప్లగ్గు విప్పి ఆయిల్ పడితే లీటరు నీళ్ల సీసా నిండలేదు, మాన్యువల్లో చూస్తే 2 లీటర్ల పైన ఉండాలట. నల్లగా, మాడిన వాసన. ప్లగ్గు మీద పేస్టు మధ్యలో గోరంత ఇనప పెచ్చు ఒకటి. ఎండలో పెట్టిన పళ్లెంలో పైన బంగారు రజను చల్లినట్టు మెరుపు, మా అబ్బాయి అయితే దానికోసం ఫోటో తీశాడు. ఎడమ షాఫ్ట్ దూరే చోట సీల్ చుట్టూ అర అంగుళం మందాన ఎర్రమట్టి గడ్డకట్టి ఉంది, స్క్రూడ్రైవర్‌తో గోకితే కింద తడి.

ఎనిమిది నెలలు, సుమారు పది పన్నెండు సార్లు ఘాట్, సగం ఆయిల్‌తో. ఇప్పుడు కొత్త ఆయిల్ పోసేస్తే సర్దుకుంటుందా? ఆశతో అడుగుతున్నాను.

జయపురం_గ్యారేజ్

సర్దుకోదు. చప్పుడు కొంచెం తగ్గుతుంది, మీరు సంతోషిస్తారు, రెండు నెలల్లో మళ్లీ పైకొస్తుంది. గేర్‌బాక్స్‌లో చాలావరకు చిమ్మడం మీదే నడుస్తుంది, కింది గేర్లు ఆయిల్‌లో మునిగి పైకి చిమ్మితేనే పైన ఉన్న బేరింగులకి అందేది. మట్టం సగానికి పడితే మునిగేదే లేదు. ఎత్తెక్కేటప్పుడు ఉన్న కాస్తా వెనక్కి పోతుంది, అందుకే మీకు మొదటిసారి ఘాట్ ఎక్కుతుండగా వినిపించింది.

పెచ్చు ఊడిన బేరింగ్ మళ్లీ నున్నగా అవ్వదు. బాక్స్ దించండి, విప్పండి. మూడో ఆయన ఆ ఒక్క ముక్కే సరిగ్గా చెప్పాడు. కానీ బాక్స్ మొత్తం మార్చక్కర్లేదు. ఇన్‌పుట్ షాఫ్ట్ రెండు బేరింగులూ మార్చండి, ఒకటి బాగున్నట్టు కనపడినా సరే. రెండో గేరు సింక్రో, రెండు పక్కలా షాఫ్ట్ సీళ్లు. క్లచ్ ప్లేటు ఎంత ఉందో చూసి సగం పైగా అరిగి ఉంటే క్లచ్ సెట్టు, రిలీజ్ బేరింగ్ కూడా అప్పుడే వేసేయండి, దించే కూలీ ఒకసారే కదా. పాత బేరింగ్ అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది, అది ఫోటో తీసుకుని మంచి బేరింగ్ షాపులో కొనండి. చౌక డబ్బాలో వచ్చేవి వద్దు.

ఆయిల్ దగ్గర మాత్రం మేస్త్రి వెనక నిలబడి చూడండి. మన వైపు షెడ్లలో లారీ హౌసింగ్‌లో (వెనక ఇరుసు డిఫరెన్షియల్‌లో) పోసే 90 నంబరు ఆయిలే అన్నిటికీ పోసేస్తారు. అది జీఎల్-5 రకం అయితే అందులోని గంధకం మందులు ఇత్తడి సింక్రోలకి పడకపోవచ్చు, పైగా ఎక్కువ జారుడుగా ఉండి రింగు గేరుని పట్టుకోలేదు. మీ మాన్యువల్లో జీఎల్-4 (ఆయిల్ రకం), 75డబ్ల్యూ (ఆయిల్ చిక్కదనం) అని ఏది రాసుంటే అదే. మీ కొరాపుట్ చలికి డిసెంబరు పొద్దున్నే చిక్కటి ఆయిల్ ఉంటే మొదటి, రెండో గేరు రాయిలా ఉంటుంది.

రాయగడ_పికప్

నాదీ ఒకటి చెప్పండి మాస్టారూ. వెనక చక్రాలు తిరిగే పికప్. ఒకటి, రెండు, మూడు, అయిదు గేర్లలో మూలుగు, నాలుగులో మాత్రం పూర్తి నిశ్శబ్దం. ఇదేం విచిత్రం? క్రౌన్ పినియన్ (వెనక ఇరుసులోని గేర్ల జత) అంటున్నారు.

జయపురం_గ్యారేజ్

విచిత్రం కాదు, ఇలాంటి సులువైన కేసు నెలకొకటి వస్తే చాలు. మీ రకం బాక్సుల్లో నాలుగో గేరు సాధారణంగా డైరెక్ట్, ఇంజన్ తిప్పుడు సూటిగా వెనక్కి పోతుంది. మిగతా గేర్లన్నిట్లో కింద ఉన్న కౌంటర్ షాఫ్ట్ మీదుగా పోతుంది. నాలుగులో ఆ షాఫ్ట్ తిరుగుతుంది కానీ బరువు మోయదు. కాబట్టి కౌంటర్ షాఫ్ట్ బేరింగులో, దాని గేర్లో చూడండి. క్రౌన్ పినియన్ అయితే ఏ గేరైనా అదే స్పీడుకి అదే మూలుగు ఉండాలి, నాలుగులో ఊరుకోదు. ముందు చక్రాలు తిరిగే కార్ల డిఫరెన్షియల్ కూడా అంతే, గేరుతో పని లేకుండా బండి వేగంతో పాటే పెరుగుతుంది.

పర్లాకిమిడి_పాతబండి

నాకు 17 వేలు పెట్టి నేర్పిన పాఠం ఇక్కడ ఉచితంగా చెబుతున్నారు. బండి ఆగి ఉంటే వస్తోందా అన్న ముక్క నన్ను ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. నేనూ చదవకుండానే సలహా ఇచ్చేశాను, సారీ అన్నా. ఇంతకీ నిశ్చితార్థానికి వెళ్లారా?

సునాబెడ_కొండదారి

బస్సులో వెళ్లాం, అయిదుగురం, ఒక స్వీట్ల బుట్ట, సుంకి దగ్గర లారీ అడ్డం పడి గంటన్నర. మా మావయ్య "కారు ఏది బాబూ" అని ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరి ముందూ అడిగాడు.

బండి నిన్న వచ్చింది. ఇన్‌పుట్ బేరింగులు రెండూ, రెండో గేరు సింక్రో, సీళ్లు రెండు, క్లచ్ సెట్టు, ఆయిల్ మాన్యువల్ ప్రకారం డబ్బా సీలు నా ముందే తెరిపించి. సామాను, కూలీ కలిపి 19,400. రిలీజ్ బేరింగ్ బాగానే ఉందట, అయినా సెట్టుతో పాటు మారిపోయింది. పాత ఇన్‌పుట్ బేరింగ్ ఇంటికి తెచ్చుకున్నాను. లోపలి రింగుని వేలికి తొడిగి తిప్పితే ఇసుక నములుతున్నట్టు ఉంది, ఒకచోట కందిబద్దంత గుంట. సీల్ పెదవి మీద బ్లేడుతో గీసినట్టు గీత.

చప్పుడు పోయింది. మూడు నుంచి రెండు వెన్నలా పడుతోంది. ఒక్కటే మిగిలింది, రివర్స్ వేసేటప్పుడు అప్పుడప్పుడు కర్ర్ అంటోంది. ఇది కూడా విప్పాల్సిన కేసేనా?

జయపురం_గ్యారేజ్

విప్పకండి. చాలా బండ్లలో రివర్స్‌కి సింక్రో ఉండదు. బండి పూర్తిగా ఆగాక క్లచ్ అడుగంటా తొక్కి మూడు నాలుగు సెకన్లు ఆగి వేయండి, షాఫ్ట్ ఆగేదాకా టైమివ్వాలి. లేదా ఒకసారి మొదటి గేరులోకి తోసి తర్వాత రివర్స్ వేయండి. అయిదారు సెకన్లు ఆగినా కొరుకుతుంటే క్లచ్ పూర్తిగా వదలట్లేదని అర్థం, అప్పుడు కేబుల్ సర్దుబాటో, హైడ్రాలిక్ అయితే గాలి తీయడమో, అదీ బాక్స్ దించే పని కాదు. వెయ్యి కిలోమీటర్ల తర్వాత ఒకసారి కిందికి దూరి ఆ ఎడమ సీల్ దగ్గర వేలు పెట్టి చూడండి.

సునాబెడ_కొండదారి

మూడు సెకన్లు ఆగి వేశాను, కొరకలేదు. వెనక హారన్ కొట్టినవాడికి సారీ.